టైరు పెరిగింది, గేరు మారలేదు

(డల్లాస్ దగ్గర ఒక శనివారం ఉదయం, ట్రక్కులున్న తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. లోపలికి వచ్చే ముందు పార్కింగ్‌లో ఒక చుట్టు తిరిగి వచ్చాను. పదకొండు ట్రక్కులున్నాయి. వాటిలో ఏడింటికి లిఫ్ట్ చేసి, అంటే బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేశారు. యాక్సిల్ గేర్లు కూడా మార్చారా అని ఆ ఏడుగురినీ అడిగాను. ఇద్దరే మార్చామన్నారు. మిగతా ఐదుగురిలో ముగ్గురు చెప్పింది ఒకటే మాట: "టైర్లు వేసినప్పటి నుంచి బండి లాగడం లేదన్నా."

ఆ మాట గురించే ఈరోజు మాట్లాడతాను. బండి ఎందుకు లాగదు, లాగాలంటే ఏ గేరు వేయాలి, ఆ గేరు ఎలా ఎంచుకోవాలి. నా ట్రక్కునే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని లెక్కలన్నీ నాకు నోటికి వచ్చు. 2017 టయోటా టకోమా, 3.5 లీటర్ల వీ6, ఆరు గేర్ల ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్.

ముందు యాక్సిల్ గేరు అంటే ఏంటో చూద్దాం. ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్, అక్కడి నుంచి వెనక్కి ఒక పొడవాటి షాఫ్టు. ఆ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. అది తిప్పే పెద్ద పళ్ళ చక్రాన్ని మన ఊళ్ళో మెకానిక్కులు క్రౌన్ వీల్ అంటారు, ఇక్కడ రింగ్ గేర్ అంటారు. నా బండిలో కంపెనీ వేసిన క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 11. 43ని 11తో భాగిస్తే 3.91. షాఫ్టు 3.91 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుందన్నమాట. అంకె పెరిగే కొద్దీ లాగే బలం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజిన్ ఎక్కువసార్లు తిరగాల్సి వస్తుంది. గేర్ల సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది కొత్త కాదు. వెనక పెద్ద పళ్ళ చక్రం మీదికి చెయిన్ మారిస్తే ఎక్కుడులో తేలిక, చదునైన రోడ్డు మీద మాత్రం కాళ్ళు గిరగిరా తిరగాలి.

ఇప్పుడు టైరు సంగతి. నా బండికి వచ్చిన టైరు 265/70 ఆర్16. దాని ఎత్తు లెక్క ఇలా కట్టాలి: 265 మిల్లీమీటర్ల వెడల్పులో 70 శాతం, దానికి రెండింతలు, అంగుళాల్లోకి మార్చి, రిమ్ము 16 అంగుళాలు కలపండి. 30.6 అంగుళాలు వస్తుంది. నేను వేసిన మొదటి పెద్ద టైరు 285/70 ఆర్17. అది 32.7. షాపుల్లో దీన్నే 33 అంటారు. రెండంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ టైరు కూడా ఒక గేరే. యాక్సిల్ చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే బండి ఇంతకు ముందుకన్నా దాదాపు 7 శాతం ఎక్కువ దూరం పోవాలి. అదే టార్క్‌తో, అంటే అదే తిప్పే బలంతో, ఎక్కువ దూరం తోయాలంటే తోసే బలం తగ్గుతుంది. 3.91 గేరు ఉన్న బండి 3.66 గేరున్న బండిలా ప్రవర్తిస్తుంది. మనం స్పానర్ పట్టకుండానే యాక్సిల్ గేరు మార్చేసినట్టు, అదీ మనకు అక్కర్లేని వైపుకి.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. లిఫ్ట్ వల్ల గేరు మారదు. మూడంగుళాలు లేపినా, ఆరంగుళాలు లేపినా గేరు లెక్క అదే. లిఫ్ట్ చేసే పని వేరు: బండి కిందికి గాలి ఎక్కువ దూరుతుంది, ముందు చక్రాలని తిప్పే సీవీ షాఫ్టుల కోణం పెరుగుతుంది. గాలి సంగతి చిన్నది కాదు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. 70 మైళ్ళ నుంచి 80కి పోతే ఆ ఒక్క పనికే దాదాపు ఒకటిన్నర రెట్లు శక్తి కావాలి. మనం ఉండేది టెక్సస్‌లో. పడమటి వైపు ఐ-10 మీద 80 లిమిట్ ఉంది. ఆస్టిన్ దగ్గర ఎస్‌హెచ్-130 టోల్ రోడ్డు మీద కొంత దూరం 85. అందుకే ఊళ్ళో బానే ఉన్న బండి అక్కడికి పోగానే గేర్లు పడేసుకుంటూ రొప్పుతుంది.

నాకు ఇది అర్థమైంది రేటన్ పాస్ దగ్గర. 285 టైర్లు వేసిన మొదటి వేసవిలో, ఇంట్లో వాళ్ళతో కొలరాడో బయల్దేరాను. అమరిల్లో దాకా ఎలాగో నెట్టుకొచ్చింది. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులో ఐ-25 రేటన్ పాస్ ఎక్కుతుంది, 7,834 అడుగులు. బండి ఆరు నుంచి ఐదుకి, ఐదు నుంచి నాలుగుకి, మళ్ళీ ఐదుకి, మళ్ళీ నాలుగుకి. ప్రతి మార్పుకీ ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తోంది. వెనక సీట్లో పిల్లలు నిద్ర లేచారు. నాకు టెన్షన్. గేర్‌బాక్స్ పోయిందేమో అనుకున్నాను. ఏమీ పోలేదు. అది తనకు వచ్చిన లెక్క ప్రకారమే నడుస్తోంది. నేను టైర్లు మార్చి దాని లెక్క తప్పించాను.

ఆ ఇంజిన్ స్వభావం చూడండి. 278 హార్స్‌పవర్, 265 పౌండ్-అడుగుల టార్క్. కానీ ఆ టార్క్ పూర్తిగా అందేది 4,600 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి 4,600 సార్లు తిరిగేటప్పుడు. ఇప్పుడు 70 మైళ్ళ వేగంలో, ఆరో గేరులో ఇంజిన్ ఎంత తిరుగుతోందో చూద్దాం. సూత్రం రాసుకోండి, జీవితాంతం పనికొస్తుంది: మైళ్ళ వేగం, యాక్సిల్ గేరు, గేర్‌బాక్స్ గేరు, 336 (మైళ్ళు, అంగుళాలు, నిమిషాలని కలిపే స్థిరమైన అంకె), ఈ నాలుగూ గుణించి టైరు ఎత్తుతో భాగించాలి. ఈ గేర్‌బాక్స్‌లో ఆరో గేరు 0.586. కంపెనీ టైర్లతో 1,760 ఆర్‌పీఎం వస్తుంది. 285 టైర్లతో 1,650. టార్క్ శిఖరం 4,600లో ఉన్న ఇంజిన్‌ని 1,650లో పెట్టి, బరువు పెంచి, గాలికి అడ్డంగా నిలబెట్టి, కొండ ఎక్కమంటున్నాం. అది గేరు తగ్గించక ఏం చేస్తుంది? పైగా టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు మూడు శాతం శక్తి తగ్గుతుంది. అదే కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది. అక్కడికి చేరేసరికి మూడో వంతు శక్తి పోయినట్టే.

ఇక గేరు ఎంచుకోవడం. అందరూ ముందు చేసే లెక్క ఇది: కొత్త టైరు ఎత్తుని పాత టైరు ఎత్తుతో భాగించి పాత గేరుతో గుణించడం. నాకు 32.7ని 30.6తో భాగించి, 3.91తో గుణిస్తే 4.18. అంటే 4.18 గేరు వేస్తే బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంటుంది. లెక్క తప్పు కాదు. కానీ అది సమాధానం కాదు, అడుగు మెట్టు మాత్రమే. ఎందుకంటే ఈ లెక్కకి టైరు ఎత్తు ఒక్కటే తెలుసు, టైరు బరువు తెలియదు. బలమైన ఈ-లోడ్ రకం 285 టైరు ఒక్కొక్కటి 50 పౌండ్లు దాటుతుంది. ఆ బరువంతా చక్రం అంచున తిరుగుతుంది. ఆగిన ప్రతిసారీ, కదిలిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ తిప్పాలి. దానికి తోడు మనం ఇనప బంపర్ పెడతాం, పైన టెంటు కడతాం, వెనక నీళ్ళ డబ్బాలు, పిల్లల సైకిళ్ళు. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు లేదు కాబట్టి, ఫ్యాక్టరీ లెక్కకి తిరిగి పోతే చాలదు.

నేను చెప్పే పద్ధతి తలకిందులు. గేరు నుంచి మొదలుపెట్టకండి, ఆర్‌పీఎం నుంచి మొదలుపెట్టండి. మీరు నెలలో ఎక్కువ సేపు ఏ వేగంలో నడుపుతారు? ఆ వేగంలో, పై గేరులో, మీ ఇంజిన్ ఎంత తిరిగితే చిన్న ఎక్కుడు వచ్చినా గేరు తగ్గించకుండా పోతుంది? అది తేల్చుకుని వెనక్కి లెక్క కట్టండి. టర్బో లేని ఈ వీ6కి 70లో 2,000 నుంచి 2,200 మధ్య ఉండాలని నా అనుభవం. 285 టైర్లతో 4.56 వేస్తే 1,920. 4.88 వేస్తే 2,060. 5.29 వేస్తే 2,230. నాకు 4.88 సరైనది.

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి చెప్తాను. గేర్లు మార్చక ముందు, 285 టైర్లతో, ఐదో గేరులో 70 మైళ్ళకి ఎంత తిరిగేదో తెలుసా? 2,010. అంటే 4.88 వేశాక ఆరో గేరు పాత ఐదో గేరు దగ్గరికి వస్తుంది. "ఆర్‌పీఎం పెరిగితే పెట్రోలు తాగదా?" అని అందరూ అడుగుతారు. ఏ మాత్రం ఎక్కుడు వచ్చినా, ఎదురుగాలి వచ్చినా ఆ బండి అప్పటికే ఐదులో ఉంది. కాగితం మీద ఉన్న ఆరో గేరుని హైవే మీద వాడుకోలేకపోతున్నాం. గేరు మార్చాక పేరు ఆరు అవుతుంది, బండి అందులో స్థిమితంగా ఉంటుంది. మైలేజీ మునుపటికన్నా గొప్పగా పెరుగుతుందని చెప్పను. పెద్ద టైరు తినేది తింటుంది. గేరు వేయడం వల్ల మైలేజీ కూలిపోతుందన్న భయం మాత్రం వదిలేయండి.

మరి నేను 4.88 వేశానా? లేదు. ఇది మీకు చెప్పి తీరాలి. అప్పట్లో ఒక చార్టు చూసి, 33 టైరుకి 4.56 అని ఉంటే, అదే వేయించాను. బండి మెరుగైంది. కానీ అయిష్టంగానే ఆరో గేరు పట్టేది. ఏడాదిన్నర తర్వాత 315/70 ఆర్17 టైర్లు వేశాను, 34.4 అంగుళాలు. దానికి క్యాబిన్‌ని ఫ్రేముకి బిగించే క్యాబ్ మౌంట్ దగ్గర కోసి వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. 4.56తో ఆరో గేరు మళ్ళీ 1,830కి పడిపోయింది. ఎక్కడ మొదలుపెట్టానో మళ్ళీ దాదాపు అక్కడికే. రెండోసారి గేర్లు విప్పించి 5.29 వేయించాను. ఇప్పుడు 70లో 2,120. ఇదే మొదటి రోజు వేయాల్సిన గేరు, ఎందుకంటే ఏదో ఒక రోజు 315 వేస్తానని నాకు అప్పుడే తెలుసు. ముందు వెనక రెండు యాక్సిళ్ళకీ సామాను, పనితనం కలిపి నేను చూసినంతలో రెండు నుంచి మూడు వేల డాలర్లవుతుంది. అందులో పెద్ద భాగం పనితనమే. ఆ డబ్బు నేను రెండుసార్లు కట్టాను. ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు ఊరుకున్నాను.

కాబట్టి రెండు గేర్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే పెద్ద అంకె వైపు పోండి. నేను కలిసిన వాళ్ళలో 4.88 వేసి, అయ్యో 4.56 వేయాల్సింది అన్నవాళ్ళు లేరు. తిరగేసి అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళలో నేనొకణ్ణి.

అయితే ఈ మాట గుడ్డిగా అన్ని బళ్ళకీ పట్టించొద్దు. ముందు వరసలో కూర్చున్న అన్న దగ్గర 2024 టకోమా ఉంది. ఆయనదీ 278 హార్స్‌పవరే, నాదీ 278 హార్స్‌పవరే. అంకె ఒకటే, ఇంజిన్లు వేరు. ఆయనది 2.4 లీటర్ల టర్బో, 317 పౌండ్-అడుగుల టార్క్, అదీ 1,700 ఆర్‌పీఎం దగ్గరే. నా ఇంజిన్ 4,600లో ఇచ్చేదానికన్నా ఎక్కువ అది 1,700లోనే ఇస్తుంది. గేర్‌బాక్స్‌లో ఎనిమిది గేర్లు. ఆయన 33 టైర్లు వేసుకుని గేర్లు మార్చకుండా చాలా కాలం హాయిగా నడపొచ్చు. ఫోర్డ్ ఎఫ్-150లో పది గేర్ల ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకీ ఇంతే. మొదటి గేరు 4.70, పదోది 0.64. అంత విశాలమైన మెట్లున్నప్పుడు టైరు తెచ్చే తేడాని గేర్‌బాక్సే చాలావరకు సర్దుకుంటుంది. డీజిల్ ట్రక్కులూ కిందనే లాగుతాయి. హార్స్‌పవర్ అంకె కాదు, టార్క్ ఏ ఆర్‌పీఎంలో వస్తుందో చూడండి. గేరు ఎంపికలో నేను అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న అది.

రాళ్ళ మీద, ఇసుకలో నడిపేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. నా బండిలో మొదటి గేరు 3.52, మెల్లగా, బలంగా లాగడానికి వేసే లో రేంజ్ 2.566, యాక్సిల్ 3.91, మూడూ గుణిస్తే 35. 4.88 వేస్తే 44. యూటాలో మోయాబ్ లాంటి చోట రాళ్ళ మెట్లు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజినే బండిని పట్టుకుంటుంది. ఆ తేడా నా పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసింది. దిగుతున్నంతసేపూ తలుపు పిడి పట్టుకునే మనిషి, రెండోసారి పోయినప్పుడు కిటికీలోంచి ఫోటోలు తీశారు.

గేరు పెంచడంలో నష్టం లేదా అంటే ఉంది. పళ్ళు లెక్కపెట్టండి. 3.91లో పినియన్‌కి 11 పళ్ళు. 4.56 అంటే 41కి 9. 4.88 అంటే 39కి 8. 5.29 అంటే 37కి 7. క్రౌన్ హౌసింగ్‌లో పట్టాలి కాబట్టి అది పెరగడానికి వీల్లేదు, పినియనే చిన్నదవుతూ వస్తుంది. తక్కువ పళ్ళు, చిన్న తల, అదే బలం. అందుకే పెద్ద టైరు, పెద్ద అంకె గేరు, చక్రం రాళ్ళలో ఇరుక్కుని ఉండగా కాలు గట్టిగా తొక్కడం, ఈ మూడూ కలిస్తే పళ్ళు విరుగుతాయి. 5.29 వేసుకున్నవాళ్ళు కుడి కాలుని అదుపులో పెట్టుకోవాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు, వెనక గేర్లు ఒకేలా ఉండాలి. వెనకది ఇప్పుడు మార్చి, ముందుది దసరాకి మారుద్దాం అనుకుంటే, ఆ మధ్యలో ఫోర్ వీల్ వేయకూడదు. వేస్తే ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనక చక్రాలు ఒక లెక్కలో తిరగబోయి మధ్యలో, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుని పిండేస్తాయి. కొన్ని బళ్ళలో ముందు 3.54, వెనక 3.55 ఉంటుంది. ఆ పాటి తేడా పర్వాలేదు. పాత డానా 44 యాక్సిల్ ఉన్న జీపుల వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 3.73, అంతకన్నా కింది గేర్లకి ఒక క్యారియర్ (క్రౌన్‌ని బిగించే భాగం), 3.92 నుంచి పైకి ఇంకో క్యారియర్. ఆ గీత దాటితే క్యారియర్ కూడా కొనాలి. ఆర్డర్ పెట్టే ముందే అడగండి.

ఇప్పుడు బిగించడం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే సరైన గేరు కొని కూడా ఇక్కడ పోగొట్టుకున్నవాణ్ణి. ఇది టైరు మార్చడం లాంటి పని కాదు. పినియన్ ఎంత లోపలికి ఉండాలో షిమ్ములనే పలచటి రేకులు పెట్టి వెయ్యో వంతు అంగుళాల్లో సర్దాలి. పళ్ళ మధ్య సందుని బ్యాక్‌లాష్ అంటారు. చాలా యాక్సిళ్ళకి అది అంగుళంలో వెయ్యో వంతులు ఆరు నుంచి పది దాకా ఉండాలి. బేరింగ్ మీద బిగువు కొలిచి పెట్టాలి. చివరికి పళ్ళకి పసుపు రంగు పేస్టు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందా, అంచుకి పోతోందా చూడాలి. రెండోసారి నేను బండి ఇచ్చిన షాపులో ఆ అచ్చు ఫోటో అడగలేదు. నాలుగొందల మైళ్ళకి 50 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే సన్నగా ఈల మొదలైంది. నెలలో అది ఊళగా మారింది. విప్పి చూస్తే పినియన్ బేరింగ్ బిగువు లేక ఆడుతోంది, పళ్ళు తప్పు చోట అరిగిపోయాయి. అలా అరిగిన సెట్టు మళ్ళీ సర్దినా నిశ్శబ్దం కాదు. కొత్తది కొనాల్సిందే. అందుకే చెప్తున్నాను: మామూలు గ్యారేజీకి కాదు, గేర్ల పనే చేసేవాళ్ళకి ఇవ్వండి. మూత వేసే ముందు అచ్చు ఫోటో, బ్యాక్‌లాష్ అంకె రాయించుకుని తీసుకోండి. మంచి పనివాడు అడగకుండానే చూపిస్తాడు.

తర్వాత బ్రేక్-ఇన్, అంటే కొత్త గేర్లని మెల్లగా అలవాటు చేయడం. కొత్త పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, వేడి విపరీతంగా వస్తుంది. మొదటి రోజు పదిహేను, ఇరవై మైళ్ళు మెల్లగా నడిపి, బండి పూర్తిగా చల్లారనివ్వండి. అలా రెండు మూడు సార్లు. మొదటి 500 మైళ్ళు ట్రైలర్ తగిలించొద్దు, హైవే మీద ఒకే వేగంలో గంటలు గంటలు నడపొద్దు. 500కి ఆయిల్ మార్చండి. అందులో మెరిసే పొడి కనిపిస్తే భయపడక్కర్లేదు, పెచ్చులు కనిపిస్తే ఆపి చూపించండి.

ప్రశ్నలు తీసుకుంటాను. అక్క అడుగుతున్నారు, టెక్సోమా లేక్‌కి బోటు లాగుతారట, గేరు మారిస్తే ఎక్కువ బరువు లాగొచ్చా అని. లాగడం తేలికవుతుందక్కా, కానీ కంపెనీ ఇచ్చిన పరిమితి పెరగదు. ఫ్రేము అదే, బ్రేకులు అవే. నిజానికి పెద్ద టైరు వల్ల బ్రేకుల పని పెరిగింది. బోటుతో దిగుడులో ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

స్పీడోమీటర్ గురించి వెనక నుంచి అడిగారు. నా టైర్లతో మీటరు 70 చూపిస్తుంటే, 285 ఉన్నప్పుడు నిజంగా దాదాపు 75లో పోతున్నాను. పోలీసుకి మన టైరు కథ అక్కర్లేదు. వేగాన్ని చక్రాల దగ్గర సెన్సర్లతో కొలిచే బళ్ళలో టైరు సైజు సరిచేస్తే చాలు. గేర్‌బాక్స్ వెనక కొలిచే బళ్ళలో కొత్త గేరు అంకె కూడా కంప్యూటర్‌లో ఎక్కించాలి, లేకపోతే గేర్‌బాక్స్ మార్పులు కూడా తడబడతాయి.

హైదరాబాద్‌లో తమ్ముడు థార్‌కి ఇవన్నీ చేస్తానంటున్నాడని ఒకరు అడిగారు. ఇక్కడి పద్ధతి అక్కడ చెల్లదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. టైరు కొనే ముందు ఆర్టీవో దగ్గర కనుక్కోమనండి.

ఇక చివరి పని బయట. టైరు మీద రాసిన సైజు నుంచి కట్టే ఎత్తుకీ, బండి బరువు మీద పడ్డాక నిజంగా దొర్లే చుట్టుకొలతకీ రెండు మూడు శాతం తేడా ఉంటుంది. చాక్‌పీసులు, టేపు తెచ్చాను. టైరు మీద, నేల మీద గీత గీసి, బండిని సరిగ్గా ఒక చుట్టు ముందుకి పోనిచ్చి కొలుద్దాం. ఆ కొలతని 3.14తో భాగిస్తే మీ టైరు అసలు ఎత్తు వస్తుంది, దాన్నే సూత్రంలో పెట్టుకోండి. గేర్లు మార్చని ఆ ఐదు బళ్ళనీ ముందు వరసలోకి తీసుకురండి, ఒక్కొక్కటిగా చూద్దాం.